గుండమ చూచిన ముఖము

వర్షాకాలము వెడలి శరత్తు ప్రవేశించి పది పండ్రెండు దినములు గడచెను. పెన్నానది బురదనీటి భారమును విడిచి వీరనకొండ దుర్గపాదమునంటిన యిసుకతిన్నెల నడుమ స్ఫటికనిర్మలమై మందగమనమున బ్రవహించుచుండెను. తీరమునందలి ఱెల్లుదుబ్బులు వెల్లపూవులెత్తి మందమారుతమునకు దలలూచుచుండ నాకాశమున జలశూన్యములైన ధవళమేఘఖండములు సాలెవాండ్రు గంజిపెట్టి యెండకు సాచిన పడుగులవలె దూరుపునకు బాఱుచుండెను. పగటి నాలవజాము మొదలిడిన యట్టి ప్రశాంతవేళ మంగలివీథి చివర నొక పూరింటి యరుగుపై డెబ్బదియెనిమిదేండ్ల ముదుసలి యొకతె కదలని కుడికాలు చాపుకొని నదిని జూచుచు గూర్చుండియుండెను.

ఆమె పేరు గుండమ. ఏబదియేండ్లకు బైగా నా పురమునకు మంత్రసాని. దుర్గాధిపతి యంతఃపురము మొదలుకొని కుమ్మరివాని గుడిసె వఱకు నామె హస్తస్పర్శము నొందక యీ లోకపు వెలుగును జూచిన ప్రాణి యా తరమున నరుదు. పెనిమిటి యౌవనముననే గతించెను, సంతానము లేదు. గత ఆషాఢమున దడిసిన మెట్టుపై జాఱిపడి తుంటియెముక విఱిగినది మొదలు లేచి నీరు ముంచుకొనుటకును నొరులు కావలసిన స్థితి యామెకు బ్రాప్తించెను. ఇక నెచట నుండవలయునను ప్రశ్న నామెకంటె ముందుగా నూరివారే వేసికొనిరి.

దుర్గాధిపతి భార్య యక్కాంబికాదేవి తూర్పువాకిట నొక యాతురశాలను గట్టించి యుండెను. రోగులకును దిక్కులేని వృద్ధులకును నచట బండ్రెండు మంచములును నొక వైద్యుడును వేళకు జావయు గలవు. ముమ్మాఱు తన పురుడు పోసిన గుండమకు మూడవ మంచము సిద్ధముగా నున్నదని దేవి కబురంపెను. గుండమ డోలిలో బోయి చూచివచ్చెను. అంతయు శుభ్రమే. అయినను గోటబురుజులనెత్తిన శిల్పి మల్లోజు నచటి పరిచారిక "అయిదవ మంచమునకు జావ తెమ్ము" అని పేర్కొనుట యామె చెవిని బడెను. పరిచారిక దయగలదియే. పండ్రెండుగురి జీవితములను దెలిసికొనుటకు దానికి దీఱిక లేదు.

మేనల్లుడెఱ్ఱయ రెండామడల దూరమునుండి వచ్చి "అత్తా, మా యింటికి రమ్ము" అని ప్రార్థించి తీసికొనిపోయెను. అతని యింట నేడుగురు. ఆమెకు జోటిచ్చి తాను పశువులకొట్టమున బరుండెను. అతని భార్య యొక్కమాటయు ననక రాత్రి ముమ్మాఱు లేచి సేవచేయుట జూచి గుండమ యైదవనాడు తిరిగివచ్చెను. పురస్త్రీలు నెలకొక యింట నుంచుకొందుమని రాగా నామె నవ్వి "దినమునకొక నక్షత్రమునింట విడియుటకు నేను జంద్రుడనా తల్లీ" అని వారిని బంపివేసెను. కడకాతురశాలకే పోవుటకు నిశ్చయించుకొనెను. మఱునాటి యుదయమున డోలి రానుండెను.

అట్టి సాయంకాలమున నరుగు క్రింద వచ్చి నిలిచిన స్త్రీని జూచి గుండమ చేతనున్న తాటాకు విసనకఱ్ఱ నిశ్చలమయ్యెను. ఆమె సాలెవీథి పోలమ. ముప్పదియొక యేండ్ల క్రిందట నామె తొలిచూలు బిడ్డ యెదురుకాళ్లతో బుట్టి యరగడియలో గుండమ చేతులయందే కన్నుమూసెను. పెనిమిటి బట్టలమ్మ రేవునకు బోయియుండెను. తల్లి స్మృతి లేక పడియుండెను. మఱి సంతు కలుగలేదు. నాటినుండి పోలమ గుండమ యెదురైన వీథి యావలి ప్రక్కకు దప్పుకొనుచుండెను. మంత్రసాని చేయి జాఱినదని లోకులనుకొనిరి. జాఱినదో లేదో గుండమయు నెఱుగదు.

"అవ్వా, రేపాతురశాలకు బోవుదువట."

"అవునమ్మా."

"పోవలదు. మా యింటికి రమ్ము. పెనిమిటి పోయినది మొదలు వీథిగది యూరకయున్నది."

గుండమ కదలని తన కుడికాలిని జూచుకొనెను. పిమ్మట "నన్నెత్తి కూర్చుండబెట్టవలయును, కడుగవలయును. నీకును నేబది దాటినవి" అనెను.

"ఉదయమున నక్కాంబికాదేవిని జూచివచ్చితిని. పరిచారికను రెండుపూటల మా యింటికి బంపుటకు సమ్మతించెను. సేవకై నీవు మంచము వెదకికొని పోనక్కఱలేదు. సేవయే నడచి వచ్చును."

"మంగలిదానిని నట్టింట నుంచుకొన మీ సాలెవారూరకుందురా?"

"వారందఱును నీ చేతులమీదుగా నట్టింటనే పుట్టిరి."

"పోలమా, నన్ను క్షమించితివా?"

పోలమ మెల్లగా నరుగుపై గూర్చుండెను. "నీవేమి చేసితివో తెలిసినగదా క్షమించుటకు. నాకు దెలివి లేదు. ఇన్నియేండ్లు నీమీద గోపము పెట్టుకొంటిని. ఆ కోపము గూడ లేకున్న నాకొక బిడ్డ కలిగెనని నాకే నమ్మకము చిక్కకుండెను. నాడు నా కడ నున్న మా యత్త పోయినది, మా పెనిమిటి చూడనేలేదు. ఆ మొగము జూచినదానవు భూమిమీద నీవొక్కతెవే. ఆతురశాలలో గోడకు జెప్పుకొందువా దాని సంగతి?"

వేలకొలది జననములను గన్నులార గాంచి యాశ్చర్యమను గుణమునే మఱచితినని తలచుచుండిన యా వృద్ధ శరీరమంతయు బులకింప దన యెదుట నున్న స్త్రీని దేవతామూర్తిని వలె జూచెను.

"కన్నులు తెఱచెనా, అవ్వా?"

"ఒకమాఱు తెఱచెను. ఆడుబిడ్డ. నల్లని యొత్తైన జుట్టు. ఎడమచెవి వెనుక గందిగింజంత మచ్చ. నా చేయి జాఱెనేమో, పోలమా, నాకు దెలియదు. నిలువదని మాత్రము తెలిసెను. అందువలన నీ యెదపై బరుండబెట్టితిని. ఊపిరాడినంతసేపు నీ గుండెపైననే యుండెను. నేను దీయలేదు."

పోలమ రెండుచేతులు దన యెదకదుముకొని వంగిపోయెను. ముప్పదియొక యేండ్లుగా దనకు లేదనుకొనిన భార మచట నొకప్పుడుండెనని శరీరమే జ్ఞాపకము చేసికొనుచున్నట్లు తోచెను. గుండమ యామె వీపుపై జేయి వేసెను. నదిమీది యెండ యెఱ్ఱవాఱి వారిరువురను గప్పెను.

మఱునాడు వచ్చిన డోలి యాతురశాలకు గాక సాలెవీథికి బోయెను. పరిచారిక రెండుపూటల వచ్చుచు గ్రమముగా గుండమను బేరుపెట్టి పిలువ నేర్చెను. అట్టి సేవను మఱి కొన్ని యిండ్లవారును గోరగా గడకు మల్లోజును దన చెల్లెలి యింటికి జేరెను. మగ్గము చప్పుడు నడుమ పోలమ యడుగుచుండెను, గుండమ చెప్పుచుండెను. చూచినదానికొక మాట హెచ్చు చెప్పలేదు.

వార్ధక్యమున మనుష్యునకు గూడు గూర్చువారు గలరు, గుడ్డ గప్పువారు గలరు. వాని నోటిమాటకై వేచియుండువాకిలి దొరకుట పూర్వజన్మసుకృతము.

రెండవయేట మాఘశుద్ధ పంచమినాటి ప్రాతఃకాలమున సాలెవీథి స్త్రీలందఱును బోలమ యింటికి బిలువబడిరి. పసపుబియ్యము పఱచిన పళ్లెరము ముందర గుండమను గూర్చుండబెట్టిరి. నాడు పేరు లేకయే పోయిన యా శిశువు చెవిలో బలుకవలసిన పేరును గుండమ తల్లియైన పోలమ చెవిలో ముమ్మాఱు పలికెను.