మూడో మోకాలు

ఫోన్ మోగేసరికి కొత్త కోడలి చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. మొగుడి చొక్కా, తన చున్నీ ఒకే బకెట్లో కలిసి నానుతుంటే చూసి మురిసిపోయే రోజులవి. తడి చేత్తోనే ఫోన్ అందుకుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"గువ్వ వాళ్ల ఇల్లేనా అండీ? శిక్షణ కేంద్రం నుంచి టీచర్ని. మీరు పంపిన వీడియో చూశాం. పిల్లని నిలబడే జట్టులోకి తీసుకుంటున్నాం. రేపు పొద్దున్నే తీసుకురండి."

ఆమె వేసిన కేకకి పైవాటా వాళ్ల కిటికీ తెరుచుకుంది. "వదినా! మన గువ్వ నిలబడే జట్టులోకి వెళ్లింది!"

బస్సు టికెట్ల కౌంటర్లో డ్యూటీ దిగి అప్పుడే ఇంటికొచ్చిన వదిన, ఒక చెప్పు విప్పి రెండోది కాలికుండగానే పరుగెత్తుకొచ్చింది. వదినా మరదళ్లు ఒకరినొకరు పట్టుకుని గిరగిరా తిరిగారు. వదిన జాకెట్టు వెనకంతా నురగే.

గువ్వ ఆ వదిన కూతురు, ఆరేళ్లది. పుట్టినప్పుడు మెదడుకి ఊపిరి చాలక సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. బుర్ర చూస్తే పాదరసం. కాళ్లు మాత్రం బిగుసుకుపోయి, ఒకటి రమ్మంటే ఇంకోటి పొమ్మంటుంది. తండ్రి ఓడలో వంటవాడు, ఎప్పుడూ నీళ్ల మీదే. అందుకని తల్లీకూతుళ్లు వదిన తమ్ముడైన కొత్త కోడలి మొగుడి ఇంట్లోనే ఉంటున్నారు.

శిక్షణ కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. ఏ కదలికైనా ముందు పిల్లే నోటితో చెప్పాలి. "నేను చేతులు చాపుతాను" అని చెప్పి, నిదానంగా అంకెలు పాడుతూ ఆ పని చెయ్యాలి. నోరు ముందు నడిస్తే ఒళ్లు వెనక నడుస్తుందని వాళ్ల నమ్మకం. చెక్క పలకల బల్ల మీద కూర్చుని, ఎదురుగా నిచ్చెనలా మెట్లున్న కుర్చీ వీపు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా లేవగలిగిన పిల్లలది నిలబడే జట్టు. తక్కిన వాళ్లది కూర్చునే జట్టు. గువ్వ ఇన్నాళ్లూ కూర్చునే జట్టులోనే ఉంది. ఇంట్లో సాయంత్రం సాధన చేయించే పని కొత్త కోడలు కోరి మరీ తీసుకుంది. గువ్వ "అత్తా" అని పిలిచినప్పుడల్లా ఆమెకి కొత్త గాజులు వేసుకున్నట్టుండేది.

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే మొగుడు ఇంటికొచ్చేసరికి వార్త ఓడ దాకా వెళ్లిపోయింది. అక్కడ గువ్వ తండ్రి ఓడలో అందరికీ కేకు చేస్తానన్నాడట. వదిన తన కూతురి బూట్లు తుడుస్తోంది.

"ఏదీ, ఆ వీడియో నాకూ చూపించవోయ్," అన్నాడు మొగుడు.

ఇద్దరూ వంటింటి గట్టు దగ్గర తలలు ఆనించి చూశారు. తెరమీద గువ్వ బల్లంచున కూర్చుని ఉంది. వెనకాల అత్త. "నేను లేస్తాను," అంది గువ్వ. అంకెలు పాడింది. లేచింది!

కొత్త కోడలు చప్పట్లు కొట్టబోయింది. మొగుడు వీడియో ఆపి, వేళ్లతో పెద్దది చేశాడు.

"గువ్వకి రెండు మోకాళ్లే కదా," అన్నాడు నవ్వుతూ. "ఈ మూడోది ఎవరిది?"

ఆమె చూసింది. తన చున్నీ అంచు కింద, తన మోకాలు. లారీ కింద జాకీ పెట్టినట్టు పిల్ల తొడ కింద నుంచి మెల్లగా పైకి లేస్తోంది.

కావాలని చేసింది కాదు. పిల్లకి ముద్ద పెట్టే తల్లి తన నోరు తానే తెరుస్తుందే, అలా జరిగిపోయింది. రోజూ జరిగిందన్నమాట. ఇంట్లో గువ్వ ఒక్కసారైనా తనంతట తాను లేవనేలేదు.

"ఏవండీ, ఇప్పుడెలా?"

"చెబితే చోటు పోతుంది," అన్నాడు మొగుడు, నవ్వు మానేసి.

"చెప్పకపోతే పిల్ల పడుతుంది. రేపు పెద్దవాళ్లంతా బయటి గదిలోనే ఉండాలిట. లోపల నా మోకాలు ఉండదుగా!"

పోయినేడు స్నానాల గదిలో, పిల్ల గోడ పట్టుకుందనుకుని ఎవరో చెయ్యి వదిలేశారు. ఆ పడ్డం పడ్డాక నెలల తరబడి గువ్వ కాలు నేలకి ఆన్చలేదు. కుర్చీ చూస్తే చాలు, కెవ్వుమనేది. మళ్లీ పడిందంటే ఈసారి ఎన్ని నెలలో, ఎన్నేళ్లో. కొత్త కోడలికి అదే తలపు. తేలు కుట్టిన దొంగలా కాసేపు గిన్నెలు సర్దింది. సర్దిన గిన్నెలే మళ్లీ సర్దింది. చివరికి ఫోన్ పట్టుకెళ్లి వదిన ముందు పెట్టింది.

వదిన చూసింది. బూటు కింద పెట్టింది.

"లోకంలో అందరూ మోకాలడ్డుతారు," అంది. "నువ్వు మోకాలు పెట్టి లేపావు. నిన్నేమని తిట్టాలో కూడా తెలీట్లేదే అమ్మాయ్."

"తిట్టండి వదినా."

"తర్వాత తిడతాలే. ముందు నంబరివ్వు."

టీచరు అంతా విని, "చున్నీ అడ్డొచ్చింది, నాకు కనబడలేదు," అంది. "ఇవాళ ఆ మోకాలు తీసేసి చేయించండి. రేపు రండి, నేనే చూస్తాను. లేస్తే సరే. లేవకపోతే కూర్చునే జట్టే, ఆ చోటు ఇంకో పిల్లకిస్తాను. ఒక్కటే మాట, పిల్ల భయపడకూడదు. భయపడ్డ పిల్లని మళ్లీ బల్ల దగ్గరికి తేవడం మా తరం కాదు."

ఇంట్లో ఉన్న పరుపులూ దిండ్లూ అన్నీ బల్ల చుట్టూ చేరాయి. మధ్యలో గువ్వ, సింహాసనం మీద కూర్చున్నట్టు. కొత్త కోడలు వెనక కాకుండా గోడవారగా నిలబడింది.

గువ్వ కుర్చీ మెట్టు పట్టుకుంది. వెనక్కి తిరిగి చూసింది.

"అత్తా, మోకాలేదీ?"

ముగ్గురు పెద్దవాళ్లూ ముఖాలు చూసుకున్నారు.

"నీకు తెలుసా?" అంది వదిన.

"ఎప్పుడూ ఉంటుందిగా," అంది గువ్వ. ఒక్కో మాటా కష్టపడి బయటికి తెచ్చుకుంటుంది. "వెచ్చగా ఉంటుంది."

"ఇవాళ మోకాలికి సెలవురా," అన్నాడు మేనమామ.

గువ్వ ఆలోచించింది. "మడమలు కింద పెడతాను," అంది. పెట్టింది. "నేను లేస్తాను." అంకెలు మొదలయ్యాయి. మొదటిసారి మడమలు లేచిపోయాయి, కాళ్లు కత్తెరలా పడ్డాయి, ఒళ్లు పక్కకి వాలింది. కొత్త కోడలు ఒక్క ఉరుకు ఉరికింది. వదిన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఆగు."

గువ్వ కుర్చీ వదల్లేదు. సర్దుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నారు అందరూ. పిల్ల ముక్కు ఎగబీల్చి, మళ్లీ మడమలతో మొదలుపెట్టింది. అంకెలు పాడింది. బల్ల నుంచి ఒళ్లు విడిపడింది. సగంలో, వంగి, గాలిలో ఆగింది. చేతులు తెల్లబడ్డాయి, గడ్డం మీద చొంగ జారింది. పైకి పోలేదు, కిందికి రాలేదు. కొత్త కోడలి మోకాలు తనకి తెలీకుండానే గోడ దగ్గర గాలిలోకి లేచింది.

తర్వాత గువ్వ మెల్లగా, మెల్లమెల్లగా, బల్ల మీదికి దిగింది.

"పడ్డావా అమ్మా?" అంటూ వదిన ముందుకొచ్చింది.

"పడలా," అంది గువ్వ కోపంగా. "కూర్చున్నా."

కొత్త కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అయినా గుండె కుదుటపడలేదు. సగం లేచింది. రేపటికి ఇంకో సగం మిగిలే ఉంది. ఆ చోటు దక్కుతుందో లేదో ఎవరికీ తెలీదు.

"రేపు వెళ్దామా, వద్దా?" అని అడిగింది వదిన. కూతురినే అడిగింది.

గువ్వ గడ్డం తుడిపించుకుని, టీచరు నేర్పినట్టే ముందు నోటితో చెప్పింది.

"రేపు వెళ్తాను. మడమలు పెడతాను. లేస్తాను. అత్త బయటి గదిలో కూర్చోవాలి." కాస్త ఆగి, వేలు చూపించింది. "మోకాళ్లు పట్టుకుని."