గుంట దుకాణం

వదిన పెద్దకర్మ రోజునే దుకాణం మధ్య గోడ కట్టించినవాడు కొమురయ్య. పద్దెనిమిదడుగుల వెడల్పులో పన్నెండు తనకుంచుకొని, ఆరడుగులు అన్నకు వదిలాడు. పెద్దలు అడిగితే, పెండ్లాం లేని మనిషికి అంత జాగ ఎందుకన్నాడు. ఇది జరిగిన మాట. అశోక్ చౌక్‌లో ఎవరినడిగినా చెబుతారు. అన్న సిద్ధరాములైతే అడగకముందే చెప్పేవాడు. గిరాకీ గడప దగ్గరికి రాగానే, ముందు గోడ సంగతి, తర్వాత కప్పుకునే చద్దర్ల సంగతి.

ఆ ఆరడుగుల్లో ఏడాదిపాటు చద్దర్లు అమ్మాడు. అమ్మాడనడం కంటే కాపలా కాశాడనడం నిజం. గిరాకీలు కూర్చునే పరుపు సగం దుకాణాన్ని తినేసింది. మిగిలిన సగాన్ని చద్దర్ల దొంతరలు తిన్నాయి. చద్దర్ కొనేవాళ్లు మడత చూసి కొనరు. మనిషి కంటే పొడుగున్న బట్టను పూర్తిగా విప్పించి, నెమలి తోక ఎక్కడిదాకా పోయిందో చూసుకొని కొంటారు. ఇక్కడ పరిస్తే కొనేవాడు నిలబడే చోటు లేదు. వాడు నిలబడితే పరిచే చోటు లేదు. వచ్చినవాళ్లు పక్కకు పోయేవారు. దీపావళి నాటికి అన్న తాళంచెవి తన చేతిలో పెడతాడని కొమురయ్య చౌక్‌లో టీ తాగుతూ అన్నాడు. అది సిద్ధరాములు చెవిన పడింది. అబద్ధమైతే అంత మండేది కాదు.

కోడలు సరోజ జోడ్‌భావి పేట్ పిల్ల. మగడు పవర్‌లూమ్ షిఫ్టుకు పోతే, తను ఇంట్లో బీడీలు చుడుతుంది. మధ్యాహ్నం మామకు అన్నం తెస్తుంది. ఒకరోజు అతను తింటున్నంతసేపూ నేలా గోడలూ చూసి, దుకాణం వదిలేసే ఆలోచనుందా అని అడిగింది. జాగ లేనిది ఏం చెయ్యమంటావన్నాడు.

“చాటంత జాగల దినాం వెయ్యి బీడీలు చేస్త మామా,” అంది. “ఆకు అండ్లనే, తంబాకు అండ్లనే, దారం అండ్లనే. లేశే పనే లేదు. నువ్వు మగ్గం గుంటల కూసున్నోడివి. నీకు ఆరడుగులు సాల్తలెవ్వంటే నవ్వుతరు.”

నేసిన చేతులున్నవాణ్ణి అనవలసిన మాట కాదు. అతను అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు గడ్డపార తెచ్చాడు. పరుపు తీసి పారేశాడు. వెనక గోడ వెంట, గుంట మగ్గానికి తవ్వినట్టే, మోకాలి లోతు తవ్వాడు. కొలతలు సరోజవి. అవి గజంబద్ద కొలతలు కావు. పక్క గోడకు వీపు ఆనించి, గుంటలోకి కాళ్లు దించి కూర్చోమంది. చెయ్యి చాపమంది. వేళ్లు అందినచోటల్లా బొగ్గుతో గీత పెట్టింది. గీత లోపలే అరలు. గీత అవతల ఒక్క మేకు కొట్టనివ్వలేదు.

అటక మీద అతని పెండ్లాం నర్సమ్మ నేసిన మగ్గం విప్పి పెట్టి ఉంది. ఆమె పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు. సరోజ అడగలేదు. బట్ట చుట్టుకునే గుండ్రటి కర్రలు రెండూ దించింది. ఒకటి పైకప్పు కింద, ఒకటి గుంటలో బిగింపజేసింది. ఇరవై రకాల చద్దర్లు కొసకు కొస కుట్టి పైకర్రకు చుట్టమంది. కిందికర్ర తిప్పితే ఒక్కో చద్దర్ నిలువునా దిగుతుంది. కొనేవాళ్లు గడప మీద కూర్చొనే ఇరవై రకాలూ చూడవచ్చు. విప్పడం లేదు, మడవడం లేదు. సిద్ధరాములు ఆమెను తిడదామని నోరు తెరిచాడు. మగ్గం కర్రలు మళ్లీ తిరుగుతున్నాయి. తిట్టకుండా సూదీ దారం అందుకున్నాడు.

కుట్టినవాడు మాత్రం అతనే. వాళ్ల మగ్గం మీద బట్ట ముఖం కిందికి ఉంటుంది. నేసేవాడికి వెనకవైపే కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు అదే చూసిన కన్ను అదే ముఖమనుకుంది. దసరా పొద్దున కొమురయ్య వచ్చి చూశాడు.

“అన్నా, ఇరవై గూడ ఉల్టా గట్టినవ్. సాలోళ్ల ఇజ్జత్ తీస్తివి గదనే.”

టీ దుకాణం దాకా నవ్వారు. సిద్ధరాములు కుట్లు కోయడానికి కత్తెర తీశాడు. అప్పుడే పంఢర్‌పూర్ యాత్ర నుంచి తిరిగిపోతున్న ఒకామె కొమురయ్య దుకాణం లోంచి బయటికొచ్చింది. అక్కడ ఎనిమిది విప్పించింది. నెమలి చుట్టూ ఎర్ర నేల కళ్లకు కొడుతోందని ఒక్కటీ తీసుకోలేదు. ఇక్కడ తెల్ల నేల మీద ఎర్ర నెమలి వేలాడుతోంది. పక్క దుకాణంలో ఇది చూపించలేదేమని మరాఠీలో అడిగింది. ఆమె వద్దన్న చద్దరే అది. తిప్పితే రంగులు తారుమారవుతాయి. అక్కడ ఎవరూ తిప్పి చూపలేదు, అంతే. ఆమె మూడు తీసుకుంది.

సరోజ కత్తెర లాక్కుంది.

“కోయకు మామా. ఇటు ఇరవై, అటు ఇరవై. గిప్పుడు మనయి నలభై రకాలు.”

దీపావళికి గడప మీద చోటు కోసం జనం ఆగారు. కర్ర తిరగడం చూడటానికే కొందరు వచ్చారు. గుంట దుకాణం అన్న పేరు వాళ్లు పెట్టిందే. తాళంచెవి సిద్ధరాములు మొలతాడుకే ఉంది.

పండగ వెళ్లాక కొమురయ్య వచ్చి గడప మీద కూర్చున్నాడు. చాలాసేపు కర్రలకేసి చూశాడు.

“గోడ తీసేద్దామే అన్నా. రెండు గలిస్తే మంచిగుంటది. ఆ దినం నాదే తప్పు.”

సిద్ధరాములు గుంటలోంచి లేవలేదు.

“పద్దెనిమిదడుగులల్ల నా చెయ్యి అందదు,” అన్నాడు. “తప్పు నీదేనని నాకెరికే. ఇన్నొద్దులు అందరికి చెప్పిన. ఇగ గోడ మాట నా నోట రాదు. నువ్వు గూడ తియ్యకు.”

కొమురయ్య గడప మీంచి ముందుకు వంగాడు. అన్న కర్ర తిప్పాడు. ఇద్దరి మధ్యకు ఇంకో చద్దర్ దిగింది.

తర్వాత కొత్త గిరాకీలు ఎవరైనా, ఇంత ఇరుకు దుకాణం ఎందుకని అడిగితే, ఏ రంగు కావాలని అడిగేవాడు.