వెనక నుంచి గీసిన బొమ్మ

ధారవాడలో వచ్చే ‘తొరె’ మాసపత్రికకు ఒక నియమం ఉంది. కథ రాసినవాళ్లూ, దానికి బొమ్మ వేసేవాళ్లూ సంచిక బయటికొచ్చేదాకా ఆ కథ ఊసెత్తకూడదు. బొమ్మ చదివిన మనసులోంచి రావాలి గానీ రచయిత నోట్లోంచి కాదని సంపాదకుడు దేశపాండే పట్టుదల. ఇది మిగతావాళ్లకు సుళువే, శివలీల చావుకే వచ్చింది. బొమ్మలు వేసేది తను, కథలు రాసేది మొగుడు బసలింగప్ప, ఇద్దరూ తినేది ఒకే వంటింట్లో.

ఈ నెల మొగుడి కథలో పిల్లకి బారెడు జడ. దాన్ని ఎడమ భుజం మీంచి ముందుకేసుకుని, జల్లులో తడుస్తూ, బండి దగ్గర మరమరాల గిర్మిట్ తింటూ పకపకా నవ్వుతుంది. శివలీల అక్కడే ఆగిపోయింది. జడ అలా వేసుకునేది ఎవరో ఆమెకు తెలియదా? మొగుడి కాలేజీలోనే పాఠాలు చెప్పే మందాకిని కులకర్ణి. ఆ పూట జొన్నరొట్టెలు రెండు వైపులా మాడాయి. అడుగుదామంటే నియమం, అడక్కపోతే నిద్ర లేదు.

నీ సుందరి మొహం నా చేత్తో గీస్తానా అనుకుని, ఆ పిల్లని వెనక నుంచి గీసి పంపింది. బోసి మెడ, కాస్త వాలిన భుజం, అంతే. కసి తీరినట్టయింది.

సంచిక వచ్చిన మర్నాడు మందాకిని పేడా మిఠాయిల పొట్లంతో గడపలోకి వచ్చింది.

“అక్కా, మెడ చూసి మా అమ్మ కూడా నేనేనంది. నన్నింత బాగా ఎప్పుడు చూశారు?”

చూడక చస్తుందా? ప్రతి సాహిత్య సభలోనూ వెనక వరసలో కూర్చుని ఆ మెడనే కదా కళ్లలో నిప్పులు పోసుకుని చూసింది.

ఆమె వెళ్లాక బసలింగప్ప పత్రిక తెరిచాడు.

“ఏమే, నేను రాసింది నిన్ను గదే. గిర్మిట్ బండి దగ్గర నిన్ను మొదటిసారి చూసిన రోజు మర్చిపోయావా?”

టైఫాయిడ్‌లో ఊడిపోయిన తన జడని శివలీలే మర్చిపోయింది. సిగ్గుతో, సంతోషంతో కళ్లు తుడుచుకుంది. మొగుడు మాత్రం బొమ్మ మీంచి చూపు తిప్పలేదు.

“అయినా మందాకిని మెడ ఇంత బాగుంటుందని నేనెప్పుడూ గమనించనేలేదు,” అన్నాడు.

పై నెల బొమ్మ కోసం దేశపాండే శివలీలకు బసలింగప్ప కొత్త కథ పంపాడు. మొదటి పేజీలోనే ఒకావిడ పేడాల పొట్లంతో గడప దాటి లోపలికి వచ్చింది. ఈసారి శివలీలకు ఎవర్నీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.