అందని వైపు బేరింగు

జంగయ్య మెట్లెక్కుతుంటే వెనకాలే నేనూ ఎక్కాను. మోకాళ్ళు వద్దన్నాయి. అయినా మెకానిక్కుని మేడ మీద ఒంటరిగా వదలకూడదని మూడు నెలల కిందటే అనుకున్నాను.

ఫిల్మ్‌నగర్‌లో మాది మెస్సు. షూటింగులకూ, డబ్బింగు థియేటర్లకూ మధ్యాహ్నం క్యారియర్లు పంపుతాం. వంటింటి పొగ లాగేసే పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను మేడ మీద ఉంటుంది. దాని ఇరుసు రెండు బేరింగుల మీద తిరుగుతుంది. పన్నెండేళ్ళుగా దాని మంచీచెడూ చూసింది రహమత్ నగర్ హనుమంతు. మార్చిలో రెండు బేరింగులూ కొత్తవి వేశాడు. జూన్‌కల్లా ఫ్యాను గరగరలాడింది. అంతకు ముందువి నాలుగేళ్ళు వచ్చాయి.

"డూప్లికేట్‌వి వేశావు కదూ?" అన్నాను.

"పన్నెండేండ్ల సంది జూస్తున్నవ్. గిదేనా అమ్మా నన్ను సమజ్ జేస్కున్నది?" అన్నాడు. టీ సగంలో పెట్టేసి వెళ్ళిపోయాడు. బేరింగులు పీకే పుల్లర్ కూడా తీసుకెళ్ళలేదు. సగం గ్లాసులంటే నాకు భయం. మా ఆయన ఆఖరిసారి గుమ్మం దాటిన రోజు కూడా గ్లాసులో సగం టీ ఉంది.

ఆ కోపంలో మా వీధిలోనే మాలాంటి మూడు మెస్సుల వంటిళ్ళకు వెళ్ళి హనుమంతు నకిలీ సామాను వేస్తాడని చెప్పాను. ముగ్గురూ అతన్ని పిలవడం మానేశారు. అతను దొంగైతే నేను చేసింది సరే. కాకపోతే? పాత బేరింగులు బయటికొస్తేనే తేలుతుంది. గరగరని భరిస్తూ ఇన్నాళ్ళు వాయిదా వేసింది అందుకేనేమో.

కింద ఎవరైనా స్విచ్చి వేస్తారేమోనని ఫ్యాను పక్కనున్న పెట్టెలోంచి ఫ్యూజులు మూడూ పీకి కొంగున ముడేసుకున్నాను.

"సీఐడీ తీర్గ నిలవడ్డవేందమ్మా! జర నీడకు కూసో," అన్నాడు జంగయ్య.

"పాతవి నా చేతికే ఇవ్వాలి. కొత్త డబ్బాలు నా ముందే విప్పాలి."

"గంత డౌటుంటే నువ్వే జెయ్యరాదు? నేను కూసుంట."

బెల్టు తీశాడు. ఇరుసు పట్టుకుని ఊపితే నా వైపు కొస కటకటమంది. పుల్లర్ అందించాను.

"మంచి పుల్లర్. ఎవలది?"

"నీకెందుకు?"

ముందు ఇటువైపు బేరింగు ఊడదీశాడు. లోపల నల్లటి జిగురు. వేలితో తిప్పితే పట్టి పట్టి కదులుతోంది. కళ్ళద్దాలు సర్దుకుని అంచు మీద చెక్కిన అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. నాది పొట్లాల కాగితాలు చూసి నేర్చుకున్న చదువు. హనుమంతు తెచ్చిన డబ్బాల మీది పేరూ, నంబరూ అప్పుడే పుస్తకంలో రాసిపెట్టుకున్నాను. రెండూ సరిపోయాయి.

"పేరుదేముంది, ఎవరైనా చెక్కుకోవచ్చు," అన్నాను.

"అసల్దే అమ్మా."

"నువ్వలాగే అంటావు. మీరంతా ఒకటి."

అతను గోడవైపు వంగాడు. అక్కడ జాగా ఇరుకు. ఒళ్ళంతా మసి చేసుకుని రెండో బేరింగు తీసి నా అరచేతిలో పెట్టాడు.

"తిప్పు."

వేలితో తిప్పాను. చప్పుడు లేకుండా మెత్తగా తిరిగింది. లోపల గ్రీజు ఇంకా వెన్నలా ఉంది. అదే పేరు, అదే నంబరు.

"రెండు ఒక్క దినమే ఏసినయంటివి గదా, మరి గిదొక్కటి ఎట్ల ఖరాబైంది?" అని జంగయ్య మొదటిదాన్ని వాసన చూశాడు. "గీడ నువ్వుల నూనె వాసనొస్తుంది. ఎవలో నూనె వోసిండ్రు. గ్రీజంత కరిగి కారిపోయింది. మసి, పిండి అంటుకొని రాయి లెక్కయింది. ఎవలమ్మా గా తెలివిగల్లోళ్ళు?"

ప్రతి శుక్రవారం దీపం పెట్టాక మిగిలిన నూనె నేనే పైకి తెచ్చి పోశాను. హనుమంతు కొత్తగా వేసినవి ఇంకా ఎక్కువ కాలం రావాలని, తలుపు బందులకు మా అమ్మ పోసినట్టే పోశాను. గోడవైపు నా చెయ్యి అందదు.

"నేనే," అన్నాను చివరికి.

నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. "నూనె దీపానికే ఉంచమ్మా."

కొత్తవి రెండూ బిగించి, బెల్టు వేశాక కొంగుముడి విప్పి ఫ్యూజులిచ్చాను. ఫ్యాను తిరిగింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో నిలబడలేకపోయాను.

పాత బేరింగులూ, పుల్లరూ సంచీలో వేసుకుని మలుపులో ఉన్న రాజ్యలక్ష్మిగారి వంటింటికి వెళ్ళాను. నేను చెప్పిన ముగ్గురిలో ఆవిడే మొదటిది. హనుమంతుని మళ్ళీ పిలవమన్నాను.

"అదేంటండీ, అతను మోసగాడని మీరే కదా చెప్పారు?"

"నేనే చెప్పాను. కాదనీ నేనే చెప్తున్నాను. ఇవి తిప్పి చూడండి."

ఆవిడ ఒకటి తిప్పి పక్కన పెట్టింది. రెండోది తిప్పింది.

"ఇది బానే ఉందే!"

"దానికి నా చెయ్యి అందలేదండీ."

ఆవిడ నా వంక ఒక్క క్షణం చూసి ఫోను తీసింది. "నా పేరు చెప్పకండి, వింటే మాట్లాడకుండా పెట్టేస్తాడు," అన్నాను. మళ్ళీ నాకే సిగ్గేసింది. "లేదు, చెప్పండి. శకుంతలమ్మ ఇక్కడే కూర్చుందని చెప్పండి."

ఫోను మోగుతోంది. పుల్లర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.