వస్తున్నా

"పదకొండింటి డెమో నేనిచ్చేస్తాలెండి. మీ ఇంట్లో గోల కదా," అన్నాడు మా టీమ్ లీడ్. అప్పటికి నా ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండు చేతుల్లో అంట్లు. ఆ గోలని తీసేసే కోడ్ రాసిందే నేను. బ్రౌజర్‌లో మీటింగు నడుస్తుండగానే వెనకాల చప్పుళ్లు ఏరిపారేసి, మైకు ముందున్న మనిషి గొంతొక్కటే అవతలికి పంపుతుంది. మూడు నెలల పని. "నేనే ఇస్తానండీ," అన్నాను. "సరే. మధ్యలో ఒక్కసారి తేడా వచ్చినా నేనందుకుంటా," అన్నాడు.

మా ఆయనా ఇంటినుంచే పనిచేస్తాడు. ఆయనకి తలుపున్న గది ఉంది, నాకు భోజనాల బల్ల ఉంది. "ఇంట్లో కూర్చుని చేసేదేగా," అంటారు అత్తగారు. నిజమే, కూర్చోనిస్తే అదే కదా చేసేది.

కోడ్‌కి ఏది చప్పుడో నేర్పాలంటే చప్పుళ్లు వినిపించాలి. వాటికోసం ఊళ్లు తిరగక్కర్లేదని వంటగట్టు మీద ఫోను పెట్టి రెండు వారాలు రికార్డు చేశాను. కుళాయి, కుక్కరు, తలుపులు, అత్తగారి దగ్గు. అన్నీ "చప్పుడు" అనే ఫోల్డర్‌లో గుమ్మరించాను. ఒక్కటీ వినలేదు. తీరికేదీ?

డెమో రోజు పొద్దున తొమ్మిదింటికి ఆఖరి పరీక్ష. మైకులో మాట్లాడుతూ నా గొంతు నేనే వింటున్నాను. "ఏమోయ్, నా చార్జరెక్కడ?" అని గదిలోంచి కేక. "వస్తున్నా," అన్నాను. ఇయర్‌ఫోన్‌లో ఆ మాట రాలేదు. మళ్లీ అన్నాను. లేదు. "నిన్న" అంటే వచ్చింది, "గిన్నె" అంటే వచ్చింది. "వస్తున్నా" అంటే మాత్రం నిశ్శబ్దం.

ఫోల్డర్ తెరిచి విన్నాను. "అమ్మాయ్, నా కళ్లజోడు!" వస్తున్నా. "అమ్మా, సబ్బు!" అని స్నానాలగదిలోంచి మావాడు. వస్తున్నా. కుళాయి మోతలో, కుక్కరు కూతలో వస్తున్నా, వస్తున్నా. వాళ్ల పిలుపులు పూటకో రకం, నా జవాబు మాత్రం ఒక్కటే. రెండు వారాల్లో నా గొంతుతో ఇంకో మాట ఉందేమోనని గబగబా ముందుకు జరుపుతూ వెతికాను. దొరకలేదు. కోడ్ తప్పేం లేదు, చప్పుడని నేర్పింది నేనే. ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది.

దాన్ని సరిదిద్దడానికి ఐదు గంటలు పడుతుంది. డెమోకి గంటన్నర ఉంది. ఇక మిగిలింది ఒక్కటే దారి, డెమో అయ్యేదాకా ఆ మాట అనకూడదు. చిన్న సంగతే అనుకున్నాను. ఈలోగా నాలుక చివరికి ఎన్నిసార్లొచ్చిందో, ఎన్నిసార్లు పళ్లు బిగించానో!

పదకొండింటికి పన్నెండుమంది తెరమీదకొచ్చారు. కావాలని కుళాయి తిప్పి వదిలాను, గిన్నెలు మోగించాను. వాళ్లకి నా మాటలు తప్ప ఏమీ వినబడలేదు. లీడ్ కూడా తలూపాడు. సరిగ్గా అప్పుడే గదిలోంచి, "ఏమోయ్, కాఫీ!"

మాట్లాడుతూనే ఉన్నాను.

"కాఫీ అన్నానా! వస్తున్నావా, లేదా?"

నాలుక మీద ఆ మాట సిద్ధంగా ఉంది. మింగాను. గొంతులోంచి ఇంకోటి వచ్చింది.

"రావడం లేదు."

పన్నెండుమందీ తలెత్తారు. ఆయన కేక ఒక్కరికీ వినబడలేదు. నా జవాబు మాత్రం ఖంగున వినబడింది. అది నా కోడ్ ఎప్పుడూ వినని మాట. చప్పుడనుకోలేదు.