పక్క మంచం వారి మబ్బు

శరణార్థుల శిబిరంలో పొద్దున్నే టీనీళ్ల దగ్గర వరస కడతారు. ఆ వరసలో నస్తరన్ ఎప్పుడూ ముందుంటుంది, ఆమె నెత్తిమీద దిండంత మబ్బుంటుంది, వెనకాల పళ్లు నూరుకుంటూ తూబా ఉంటుంది. ఇద్దరూ ఇరాన్ వాళ్లే, పక్కపక్క మంచాలే. చుట్టపుచూపు వీసా మీద జర్మనీ వచ్చి, తిరిగి వెళ్తే జైలేనని తెలిసి ఆశ్రయం అడిగినవాళ్లే.

నస్తరన్‌ది రష్త్, ఏడాదంతా వాన కురిసే ఊరు. మబ్బు అక్కణ్ణుంచే ఆమెతో విమానమెక్కింది. విమానాశ్రయంలో దాన్ని ట్రేలో పెట్టి యంత్రంలోంచి పంపారు, అంతే. నస్తరన్ తన కష్టం మొదలుపెడితే చాలు, అది సన్నగా కురుస్తుంది. వినేవాళ్లు కరిగిపోతారు. వంటాయన ఆమె సూపులో బంగాళాదుంపలు ఎక్కువ వేస్తాడు.

తూబాది యజ్ద్, ఎడారి ఊరు. ఎంత కష్టమొచ్చినా కంట్లోంచి చుక్క రాలదు. "బస్సు తప్పిందన్నా కురుస్తుందమ్మా ఆవిడ మబ్బు. మా ఊళ్లో అయితే ఈపాటికి పట్టుకుని పిండేసేవాళ్లం," అని కొళాయి దగ్గర అనేది.

తూబా అధికారి ముందు తన కథ చెప్పుకోవాల్సిన రోజొచ్చింది. బయల్దేరుతూ ఉండబట్టలేక, "మీ మబ్బు ఎంత ముద్దుగా ఉందో, నస్తరన్ గారూ," అంది.

"మీకన్నా ఎక్కువా? తీసుకోండి, మీదే."

ఎవరైనా మెచ్చుకున్న వస్తువును ఇరాన్ వాళ్లు అలా ఇచ్చేస్తామనాలి, అవతలివాళ్లు వద్దు వద్దనాలి. ఆ మర్యాద పుణ్యమానే ఎవరి తివాచీలు వాళ్లింట్లో ఉన్నాయి. తూబా మాత్రం "సంతోషం" అని మబ్బును చంకన పెట్టుకుంది. నస్తరన్ నోరు తెరిచి, మర్యాదగా మూసేసింది.

"పోలీసులు మిమ్మల్నేమైనా చేశారా?" అధికారి ప్రశ్నను దుబాసీ ఫార్సీలో అడిగింది.

పరాయి మగాడి ముందు బాధ పరిచి కూర్చుంటే ఏం బాగుంటుంది? తూబా కుడిచెయ్యి స్కార్ఫు కిందికి జారింది. "అబ్బే, పెద్దగా ఏం లేదండీ. మీకెందుకు శ్రమ," అంది. మిగతాది నెత్తిమీదికి చేరిన మబ్బు చూసుకుంటుందని ధీమా.

మబ్బు కురవలేదు.

అధికారి ఆ మాటే టైపు చేసుకున్నాడు. తర్వాతి ప్రశ్నలకీ అదే మర్యాద. ఇక చెప్పేదేం లేకపోతే ముగిద్దామన్నాడు. ఇంతటితో ఆగితే తిరుగు విమానమే. తూబా తలెత్తి చూసింది. మబ్బు దూదిలా హాయిగా పడుకుని ఉంది.

"ఆవిడ తుమ్మితే గది తడిపేస్తావు, నాకొక్క చుక్క లేదా? నాదేం తక్కువ?"

దుబాసీ అదీ అనువదించింది.

తూబా చెయ్యి తీసి బల్లమీద పెట్టింది. రెండు వేళ్లు వంకరగా అతుక్కుని ఉన్నాయి. నిరసన ఊరేగింపులోంచి పరిగెత్తుకొచ్చిన ఇద్దరమ్మాయిల్ని తన మిఠాయి దుకాణంలో పిండిబస్తాల వెనక దాచింది. వాళ్ల పేర్లు చెప్పమని పోలీసులు ఆ వేళ్లమీద సొరుగు మూశారు. చెప్పలేదు. చెల్లెల్ని చూడ్డానికి ఇటొచ్చాక దుకాణానికి సీలేసి, ఆమె కోసం ఇల్లంతా వెతికారు. నస్తరన్ కన్నా ఒక మెట్టు పైనుండాలన్న పంతంతో అన్నీ చెప్పింది, ఒక్క ముక్క కలపకుండా.

అధికారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇందాకటి జవాబు తీసేయమంటారా?"

"తీసేయండి," అంది తూబా, మాటవరసకైనా మొహమాటపడకుండా.

ఉండిపోవచ్చన్న కబురు వేసవికి వచ్చిందిగానీ, అది ఖాయమైంది ఆ పూటే. మబ్బు కిటికీ సందులోంచి జారుకుంటుంటే తూబా తలెత్తి చూడను కూడా లేదు. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.