పటం దగ్గర మీరా హుస్సేన్

దబ్బనం పరుపులో ఎక్కడ దిగి ఎక్కడ తేలుతుందో మీరా హుస్సేన్ ఎడమచేతి చూపుడువేలికి ముందే తెలుసు. ఆ వేలు అడుగున కాచుకుని ఉంటుంది. మొన తగలగానే తప్పుకుంటుంది. దారం బయటికొస్తుంది. ముప్పైఎనిమిదేళ్లుగా ఇదే పని కావడంతో వేలికొస చింతగింజలా గట్టిపడి నున్నగా మెరుస్తుంటుంది. రెండేళ్లుగా ఆయన పరుపు వైపు చూడడం కూడా మానేశాడు. వీధివైపు ముఖం తిప్పి కూర్చుని కుడతాడు. దారినపోయేవాళ్లు అది పనితనం అనుకుంటారు.

ఆ శనివారం పొద్దున ఆయన ఒళ్లో ఉన్నది పరుపు కాదు, మూరెడు పొడవున్న దిండు. అలాంటివి ముప్పైతొమ్మిది అప్పటికే చాప మీద దొంతరలుగా ఉన్నాయి. రాత్రి సన్నగా జల్లు పడింది. మడకశిర వీధుల్లో తడిమట్టి వాసనతో పాటు సీతాఫలాల వాసన కూడా ఉంది. కొండ మీంచి గంపలు దిగే రోజులివి. చేలలో శనక్కాయ పీకడం అయిపోయింది. ఇక జనానికి తమ ఒంట్లో ఏం నొప్పి ఉందో తలుచుకోవడానికి తీరిక దొరుకుతుంది.

షరీఫాబీ టీగ్లాసు పక్కన పెట్టి, గోడకు గుచ్చిన గుడ్డముక్క మీద సూదులు లెక్క చూసింది. రోజూ నమాజు కాగానే ఏడు సూదులకు దారం ఎక్కించి అక్కడ గుచ్చడం ఆమె పని.

"ఏందయ్యా, ఇంగా ఎన్నేండ్లు ఎక్కియ్యల్ల నేను? అద్దాలు పెట్టిచ్చుకోరాదా?"

"నువ్వు ఎక్కిస్తే దారం తెగదే షరీఫా."

ఆమె "ఊఁ" అని మూతి తిప్పుకుంది కానీ, లోపలికి పోతూ నవ్వుకుంది. యాభైరెండేళ్ల మనిషిని పొద్దున్నే అలా నవ్వించగలిగినందుకు మీరా హుస్సేన్‌కూ సంతోషం వేసింది. ఆమె నవ్వింది మాత్రం ఆయనకు కనపడలేదు, వినపడింది.

కుడికంట్లో ఇప్పుడు పొగ తప్ప మరేమీ లేదు. ఎడమకంటితో చూస్తే లోకమంతా గంజిలో ముంచిన గుడ్డ అవతల ఉన్నట్టుంటుంది. ఈ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

దిండ్లు రెండు మూటలుగా కట్టి, సైకిలు తోసుకుంటూ హైస్కూలుకు బయలుదేరాడు. దారి కాళ్లకు తెలుసు. మిత్రమండలి వాళ్లు ఏటా ఇదే రోజుల్లో అక్కడ కంటి శిబిరం పెడతారు. మీరా హుస్సేన్‌తో కలిపి ఇరవైరెండు మంది సభ్యులు: బస్సు కండక్టరు, ఇద్దరు టీచర్లు, బట్టల కొట్టు సుదర్శన్ శెట్టి, టైలర్లు, పాలవాళ్లు. పొద్దునంతా పరీక్షలు, మధ్యాహ్నం భోజనాలు. ఆ తర్వాత పట్నంలోని కంటాసుపత్రి బస్సు వచ్చి ఆపరేషను అవసరమైనవాళ్లను తీసుకుపోయి, సోమవారం మళ్లీ ఇక్కడే దింపుతుంది. బస్సులో నలభై సీట్లు, అక్కడ నలభై మంచాలు. ఒక్కొక్కరి తలకింద మీరా హుస్సేన్ కుట్టిన బూరుగుదూది దిండు ఒకటి.

మండలికి ఒక కట్టుబాటుంది. మొదటి ఏడాది సభ్యులంతా తినేసరికి అన్నం అయిపోయి, రొళ్ల నుంచి వచ్చిన ఒక ముసలాయన ఖాళీ కడుపుతో వెళ్లిపోయాడు. ఆ రాత్రి సమావేశంలో ఎప్పుడూ నోరు విప్పని మీరా హుస్సేన్ లేచి, "ఇంగమింద మనోళ్లు ఆఖర్న" అని కూర్చున్నాడు. పదకొండేళ్లలో ఆయన చేసిన ఉపన్యాసం అదొక్కటే. అప్పటినుంచి అన్నం దగ్గర, టీ దగ్గర, కుర్చీల దగ్గర, చివరికి నీడ దగ్గర కూడా మనోళ్లు ఆఖర్నే.

ఆ మాట చాటునే ఆయన రెండేళ్లు నెట్టుకొచ్చాడు. నా పేరు రాయిస్తే బయటివాళ్లలో ఒకరి పేరు పోతుంది కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. పోయినేడు ఒక డాక్టరు ఎవరికో చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాడు: శుక్లం మరీ ముదిరిపోతే ఆపరేషను చేసినా చూపు వస్తుందని చెప్పలేం. ఆ మాట ఏడాదిగా ఆయన వెంటే తిరుగుతోంది. ఈ బస్సు కూడా తప్పిపోతే ఇంకో బస్సు ఉండకపోవచ్చు. అయినా పొద్దున సైకిలు తోస్తూ, ఈసారీ అంతే అనుకున్నాడు.

శిబిరంలో ఆయనకు పటం దగ్గర పని. గోడకు వేలాడే ఆ తెల్లపటం మీద అక్షరాలుండవు, మూడు కాళ్ల గుర్తులుంటాయి. పైన ఒకటి పెద్దది, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. కాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చదువురానివాళ్లు కూడా మూడు వేళ్లతో చూపించొచ్చు. మీరా హుస్సేన్ బెత్తంతో ఒక్కొక్క గుర్తూ చూపిస్తాడు. పదేళ్లు చూపించి చూపించి పటమంతా ఆయనకు నోటికి వచ్చేసింది. శిబిరం చివర సభ్యులకు కూడా సరదాగా పరీక్ష చేసినప్పుడు ఆయన చేయి బెత్తం కంటే ముందే తిరిగేది. "మీరన్నకు గద్ద కండ్లు" అనేవాళ్లు.

ఈ ఏడాది ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మాయి పేరు నాగజ్యోతి. గుంతకల్లు పిల్ల. మెడలో పసుపుతాడు ఇంకా రంగు తగ్గలేదు. నడిచినప్పుడల్లా గాజులు గలగలమంటున్నాయి. పాత పటం చినిగిపోతే కొత్తది తెచ్చి, అదే మేకుకు తగిలించింది. అది ఎవరూ మీరా హుస్సేన్‌కు చెప్పలేదు. ఎదురుగా ఉన్నదాన్ని చెప్పడమెందుకనుకున్నారు.

వారం ముందు ఊళ్లు తిరిగి రాసుకున్న నలభై మందినీ వరసగా కూర్చోబెట్టారు. మొదటి నలుగురికి పైనున్న పెద్ద గుర్తు తప్ప ఏమీ కనపడలేదు. అయిదో మనిషి హనుమంతమ్మ. ఒక కంటికి మూడేళ్ల కిందటే ఆపరేషను అయిన ముసలావిడ. మిగిలిన కన్ను చూడాలని ఆ కన్ను మూయించింది నాగజ్యోతి. మీరా హుస్సేన్ రెండో వరస మీద బెత్తం పెట్టాడు.

"కిందికి," అంది హనుమంతమ్మ, మూడు వేళ్లు నేలకు చూపి.

"కాదవ్వా, పక్కకు. బాగా చూడు."

"చూసే చెప్తాండా. కిందికి."

"ఈ పటం నాకు పదకొండేండ్లుగా తెలుసవ్వా."

"తెలిస్తే తీస్కపోయి నీ ఇంట్లో తగిలిచ్చుకో. ఆడుండేది కిందికే." ఆమె వరస వైపు తిరిగింది. "చూడండప్పా ఈ అన్యాయం! కండ్లు లేనోన్ని తెచ్చి కట్టె ఇచ్చి నిలబెట్టినారే!"

వరండా అంతా నవ్వింది. మీరా హుస్సేన్ కూడా నవ్వాడు. నాగజ్యోతి మాత్రం నవ్వలేదు. పటం వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"అంకుల్, ఒక్కసారి మీరొచ్చి గీత దగ్గర నిలబడండి."

"మాది ఆఖర్న గదమ్మా."

"పో మీరన్నా," అన్నాడు సుదర్శన్ జాబితా చేతపట్టుకుని. "అవ్వకు చూపీ నీ గద్ద కండ్లు!"

తప్పలేదు. ఆయన గీత మీద నిలబడి, ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, కుడిచేయి లేపాడు. కుడికి, పైకి, ఎడమకు, కిందికి, మళ్లీ పైకి. ఎక్కడా తడుముకోలేదు. చేయి అలవాటైన దారిలో హాయిగా పోయింది. చివరి వరస అయ్యాక దించి, మెచ్చుకోలు కోసం ఆగాడు.

 నవ్వుతూ మొదలుపెట్టి పటంతో పోల్చి చూస్తూ వచ్చిన సుదర్శన్ ముఖం రెండో వరసకే మారిపోయింది.

"మీరన్నా," అన్నాడు మెల్లగా. "ఇది కొత్త పటం."

నాగజ్యోతి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేసి రెండు కళ్లూ చూసింది. కుడికన్ను ఈసారే చేయించాలని, ఇంకో ఏడాది ఆగితే తాను ఏ మాటా ఇవ్వలేనని చెప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"నలభైమంది ఉండారు. నలభై సీట్లే. మనోళ్లు ఆఖర్న."

"అది అన్నానికి చెప్పిన మాట, కండ్లకు కాదు!" సుదర్శన్ గొంతు పెరిగింది. "రెండేండ్లుగా మా అందర్నీ గుడ్డోళ్లను చేసినావు గదన్నా!"

ఈలోగా నాగజ్యోతి హనుమంతమ్మ రెండో కన్ను కూడా చూసి, జాబితాలో అయిదో పేరు కొట్టేసింది. "అవ్వా, నీకు శుక్లం ఇంకా లేతగా ఉంది. ఇప్పుడేమీ వద్దు."

"అంటే నాకు బస్సు లేదా?" హనుమంతమ్మ ముఖం చిన్నబోయింది. "పట్నం చూస్తామనుకుంటినే." కాసేపు గొణుక్కుని, మీరా హుస్సేన్ వైపు గడ్డం ఎగరేసింది. "సరే, ఆయప్పను ఎక్కియ్యండి నా బదులు. బువ్వ మాత్రం తినే పోతా."

అయినా మీరా హుస్సేన్ కదలలేదు. "నా ఎనకాల ఎవరన్నా ఉండారేమో చూడు శెట్టీ."

సుదర్శన్ నిజంగానే వెళ్లాడు. గేటు దాకా పోయి రోడ్డుకు రెండువైపులా చూశాడు. వంటలు చేస్తున్న షెడ్డులో అడిగాడు. నీళ్ల ట్యాంకు వెనక్కి కూడా తొంగిచూసి, రొప్పుతూ వచ్చాడు.

"ఎవురూ లేరు. నువ్వే ఆఖరు."

మీరా హుస్సేన్ ఒకడుగు దగ్గరికి జరిగాడు. తర్వాత స్నేహితునికి ఒక్కడికే వినపడేలా, "భయం శెట్టీ," అన్నాడు. "కంట్లో కత్తి పెడతారంటే భయం. ఆ మాట చెప్పలేక ఈ మాట చెప్పుకుంటా వచ్చినా."

"జానెడు దబ్బనంతో ముప్పైఎనిమిదేండ్లు పొడిచినోనికి భయమా!"

"పరుపు అరవదు గదప్పా."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. సుదర్శన్‌కు కళ్లు తడిశాయి. మీరా హుస్సేన్ పేరు నలభైలో ఒకటిగా, అయిదో అంకె ఎదురుగా, కొట్టేసిన పేరు పైన రాశారు.

భోజనాల దగ్గర ఆయన్ను మొదటి వరసలో, హనుమంతమ్మ పక్కన కూర్చోబెట్టారు. పదకొండేళ్లలో మొదటిసారి ఆయన ఈ శిబిరం పప్పు వేడిగా ఉండగా తిన్నాడు. ఇంత రుచిగా ఉంటుందా అని ఆశ్చర్యపోయి రెండోసారి వడ్డించుకున్నాడు. అంతలో కబురందిన షరీఫాబీ తువ్వాలూ రెండు జతల బట్టలూ తీసుకుని వచ్చింది. ఆమె అరవలేదు. పక్కన చతికిలబడి, ఆయన విస్తరిలో పడిన వెంట్రుక తీసి పారేసింది.

"దారం తెగదంటివే," అంది.

"అది అబద్ధం కాదులే."

"వచ్చినంక నువ్వే ఎక్కిచ్చుకో. నాకూ వయసైతాండాది."

"ఎక్కిచ్చుకుంటా. నీ ముఖం గూడా చూసి శానా దినాలైంది."

షరీఫాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. హనుమంతమ్మ తింటున్న ముద్ద ఆపి, ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, తృప్తిగా మళ్లీ తినసాగింది.

మూడు గంటలకు బస్సు వచ్చింది. వరండా కిందనున్న మెట్ల దగ్గర చెప్పులు గుట్టపడి ఉన్నాయి. పేషెంట్లవీ సభ్యులవీ కలిపి అరవై జతలకు పైనే. ఒక్కొక్కరూ తమవి తొడుక్కుని బస్సెక్కుతున్నారు. మీరా హుస్సేన్ మెట్టు మీద ఆగి, వంగి, పాదంతో ఒకటి రెండు జతలు తడిమి చూశాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన ఎవర్నీ అడగలేదు. తడినేల మీద ఉత్త కాళ్లతో నడిచి వెళ్లి, అందరి వెనకాల బస్సెక్కాడు. కిటికీలోంచి చేయి ఊపాడు గానీ, షరీఫాబీ నిలబడిన చోటుకు కాస్త పక్కకు ఊపాడు. ఆమె రెండడుగులు జరిగి ఆ చేతికి ఎదురుగా నిలబడింది. బస్సు హిందూపురం రోడ్డెక్కి మలుపు తిరిగింది.

సాయంత్రానికి గిన్నెలు కడిగారు, చాపలు చుట్టారు, పటం దించారు. హనుమంతమ్మ సీతాఫలాలు రెండు కొంగున కట్టుకుని ఆటో ఎక్కింది. సభ్యులు ఒక్కొక్కరే తమ చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. చివరికి మెట్ల దగ్గర ఒక్క జత మిగిలింది.

సుదర్శన్ వాటిని గుర్తుపట్టి, "ఉత్త కాళ్లతో పోయినాడు గదక్కా! ఇంటికి తీస్కపో," అన్నాడు.

షరీఫాబీ వంగి ఆ చెప్పులు చేతిలోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ వరండాలో, జల్లు తగలని చోట పెట్టింది.

"సోమారం బస్సు దిగేది ఈడనే గదన్నా. ఆయన్నే చూసి తొడుక్కోనీ."

ఊడ్చిన వరండాలో, గోడవారగా, మడమల దగ్గర పరుపుగుడ్డ ముక్క వేసి దగ్గర దగ్గర కుట్లతో కుట్టిన ఆ పాత తోలుచెప్పులు రెండూ గేటువైపు తిరిగి ఉన్నాయి.